పాతిల్లు కొని బాగు చేయించుకోవాలా.. రెడీగా ఉన్న ఇల్లు తీసుకోవాలా? అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ లెక్క చూసుకోండి

ఎన్టీఆర్ జిల్లా, చెవిటికల్లు: ఊరి మధ్యలో పాత పెంకుటిల్లు.. స్థలం ఎక్కువ, రేటు తక్కువ. రోడ్డు పక్కన కొత్తగా రంగులేసిన డాబా.. స్థలం తక్కువ, రేటు దాదాపు రెట్టింపు. ఏది కొనాలి? కంచికచర్ల మండలం చెవిటికల్లు మొదలుకొని నందిగామ, జగ్గయ్యపేట వరకు మెట్ట ప్రాంతంలో సొంతిల్లు చూసుకుంటున్న చాలా కుటుంబాల్లో నడిచే చర్చ ఇదే.

"పాతిల్లు అయితే చవగ్గా వస్తుంది, మెల్లగా బాగు చేయించుకోవచ్చు" అని ఒకరంటారు. "ఆ తలనొప్పులు మనకెందుకు, నాలుగు డబ్బులు ఎక్కువైనా రెడీ ఇల్లే నయం" అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ రేటు ఒక్కటే చూసి నిర్ణయం తీసుకుంటే రెండు వైపులా నష్టపోయే ప్రమాదం ఉంది. అసలు చూడాల్సినవి మూడు. ఇల్లున్న నేల ఎలాంటిది? కాగితాల మీద ఎవరెవరి సంతకం కావాలి? కొన్న తర్వాత చేతిలో ఎంత మిగులుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు నేల చూడండి.. తర్వాతే ఇల్లు

నందిగామ, కంచికచర్ల చుట్టుపక్కల నల్లరేగడి నేలలు ఎక్కువ. పత్తికి, మిర్చికి బంగారం లాంటి నేల. ఇంటి పునాదికి మాత్రం పరీక్షే. వానలకు ఈ మట్టి ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఏటా ఇలా జరుగుతుంటే లోతు తక్కువ పునాదులు కదులుతాయి. గోడలు బీటలు వారతాయి.

అన్ని పగుళ్లూ ప్రమాదం కాదు. ప్లాస్టింగ్ మీద వెంట్రుక మందాన కనిపించే సన్నటి గీతలు మామూలే. కిటికీ, గుమ్మం మూలల నుంచి ఏటవాలుగా పైకి పాకిన బీటలు, గోడకు ఇటూ అటూ రెండు వైపులా కనిపించే బీటలు, తలుపు బిగుసుకుపోవడం, గచ్చు ఒకవైపు కుంగడం మాత్రం పునాది కదులుతోందనడానికి గుర్తులు. బీట మీద అడ్డంగా కొంచెం సిమెంటు మెత్తి, పక్కన తేదీ రాసి, కొన్ని వారాల తర్వాత మళ్లీ చూడండి. ఆ సిమెంటు పగిలితే కదలిక ఇంకా ఆగలేదని అర్థం. అలాంటి ఇంటికి ఎంత ఖరీదైన రంగు వేసినా బీట మళ్లీ బయటికొస్తుంది.

రెండోది నీళ్లు. కృష్ణా, మున్నేరు, వైరా, కట్టలేరు.. ఈ ప్రాంతానికి వరం, భయం రెండూ ఇవే. 2021 ఆగస్టులో చెవిటికల్లు దగ్గర కృష్ణా నదిలోకి ఒక్కసారిగా వరద రావడంతో వందకుపైగా ఇసుక లారీలు నీళ్ల మధ్యలో చిక్కుకుపోయాయి. 2023 జులైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీదికి వరద చేరింది. 2024 సెప్టెంబర్‌లో మళ్లీ అదే దృశ్యం. అప్పుడు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది.

కాబట్టి ఏ ఇల్లు చూసినా ఇరుగుపొరుగును ఒక్క ప్రశ్న అడగండి. "2009లో, 2023లో, 2024లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" అమ్మేవాళ్లు చెప్పకపోయినా పక్కింటివాళ్లు చెబుతారు. గోడ మీద వరద మరక, కింద మూడడుగుల మేర ఊడిన సున్నం, తలుపు చెక్క అడుగున కుళ్లు.. ఇవి కూడా సాక్ష్యాలే. వీధి మట్టం కంటే ఇంటి గచ్చు కిందికి ఉంటే మరింత జాగ్రత్త. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు పైకి లేస్తుంది, పాతిల్లు గుంటలో పడుతుంది. తర్వాత ప్రతి వానకూ వీధి నీరు ఇంట్లోకే.

పాతింట్లో ఏది బాగు చేయొచ్చు.. ఏది చేయలేం?

బాగు చేయగలిగినవి: పాత వైరింగ్, నీళ్ల పైపులు, గచ్చు, బాత్‌రూమ్, పగిలిన పెంకులు, చెదపట్టిన ఒకటి రెండు వాసాలు, ఊడిన ప్లాస్టింగ్. ఇవి చూడ్డానికి భయంకరంగా ఉంటాయి కానీ లెక్కకు దొరికే పనులు. మేస్త్రి, వడ్రంగి, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి ఇంత అవుతుందని చెప్పగలరు.

బాగు చేయడం కష్టమైనవి: కదులుతున్న పునాది, ఒరిగిన గోడ, లోపలి ఇనుము తుప్పుపట్టిన శ్లాబు, వరద మట్టం కంటే కిందున్న గచ్చు. ఇవి చూడ్డానికి మామూలుగా ఉండి, పని మొదలుపెట్టాక ఖర్చు పెంచుకుంటూ పోతాయి.

శ్లాబు కింద కర్రతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే, పెచ్చులూడి ఇనుప చువ్వలు కనిపిస్తే, తుప్పు రంగు మరకలుంటే ఇంజినీర్‌ను పిలవాల్సిందే. పెంకుటిల్లయితే దూలం, వాసం గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. మెత్తగా దిగితే చెద తిన్నట్టే. గట్టిగా ఉంటే సంతోషించండి. పాత టేకు దూలం, తలుపులు మంచి స్థితిలో ఉంటే అవే పెద్ద ఆస్తి.

చాలామంది చేసే పొరపాటు ఇంకొకటుంది. పాతకాలం సున్నం గోడల మీద కొత్తగా సిమెంటు ప్లాస్టింగ్ కొట్టించడం. సున్నం గోడ నేలలోంచి పీల్చిన చెమ్మను బయటికి వదులుతూ ఉంటుంది. దాని మీద గట్టి సిమెంటు పూత వేస్తే చెమ్మ లోపలే ఉండిపోయి పూత ఉబ్బి ఊడిపోతుంది. సున్నం గోడకు సున్నంతోనే మరమ్మతు చేయించడం మంచిది. ఆ పని తెలిసిన మేస్త్రి దొరుకుతాడో లేదో కొనకముందే కనుక్కోండి.

మందపాటి గోడ, ఎత్తయిన పెంకు కప్పు ఉన్న ఇల్లు మన మే నెల ఎండల్లో ఒంటి శ్లాబు డాబా కంటే చల్లగా ఉంటుందన్నది కూడా మర్చిపోవద్దు. నెలనెలా వచ్చే కరెంటు బిల్లులో ఆ తేడా తెలుస్తుంది.

"రెడీ" అంటే నిజంగా రెడీయేనా?

కొత్త రంగు చాలా వాటిని దాచేస్తుంది. రెడీ ఇల్లు చూడటానికి వాన పడిన మర్నాడు వెళ్లండి. బీరువా వెనక, అల్మరా లోపల, మెట్ల కింద చూడండి. ఒక్క గోడకే కొత్తగా రంగు వేసి ఉంటే ఎందుకని అడగండి. డాబా ఎక్కి నీళ్లు పోసి వాలు ఎటుందో గమనించండి. అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పండి. ఎర్తింగ్ ఉందా, మీటర్ ఎవరి పేరు మీద ఉందో కనుక్కోండి.

మెట్ట ప్రాంతం కాబట్టి బోరు సంగతి ముఖ్యం. జనవరిలో నిండుగా వచ్చే బోరు మే నెలలో గాలి కొట్టొచ్చు. ఎండాకాలంలో ఎలా ఉంటుందో పక్కవాళ్లను అడగండి. తాగేందుకు వాడేట్టయితే నీళ్లు పరీక్ష చేయించండి. సెప్టిక్ ట్యాంకు బోరుకు ఆనుకుని లేకుండా చూసుకోండి.

ఇల్లు తాముండటానికి కట్టుకున్నారా, అమ్మడానికే కట్టారా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చాలా విషయాలు చెబుతుంది. అమ్మడానికి కట్టినదైతే పునాది తీసినప్పటి ఫొటోలు, ప్లాన్ అనుమతి కాగితం చూపించమనండి. కంచికచర్ల సీఆర్‌డీఏ పరిధిలోని మండలం. ఇక్కడి లేఅవుట్‌కు అనుమతి ఉందో లేదో కచ్చితంగా చూడాలి.

ఫ్లాట్ అయితే రెరా రిజిస్ట్రేషన్ ఉందా చూడండి. రెరా చట్టం కింద ఇల్లు అప్పగించిన నాటి నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి మీరు ఫిర్యాదు చేస్తే బిల్డరే ఉచితంగా సరిచేయాలి. అయితే 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాల లోపు స్థలంలో కట్టినవాటికి ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఊళ్లో 100, 150 గజాల్లో కట్టి అమ్మే విడి ఇళ్లు దాదాపుగా అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అంటే కొన్నాక బీట వారితే బాధ్యత మీదే. అందుకే కొత్త ఇంటికి కూడా ఇంజినీర్‌ను తీసుకెళ్లడం దండగ కాదు.

అసలు చిక్కు ఇక్కడే.. పాతింటి మీద సంతకాలు

ఊరి పాతిల్లు సాధారణంగా ఒక్కరిది కాదు. తాత కట్టింది, నాన్న ఉన్నది, ఇప్పుడు అన్నదమ్ములు పంచుకున్నది. "పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్నాం, ఏ గొడవా లేదు" అంటారు. మరి ఆడపడుచుల సంగతి?

ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచే సవరణ అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర చట్టం ఆ హక్కును దేశమంతటా అందరికీ ఇచ్చింది. కూతురికి ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నోటిమాట పంపకాలను సాధారణంగా ఒప్పుకోబోమని కూడా అదే తీర్పులో చెప్పింది. రిజిస్టర్ అయిన భాగపరిష్కార పత్రమో, కోర్టు డిక్రీయో 2004 డిసెంబర్ 20 కంటే ముందుది ఉంటే దానికి మినహాయింపు ఉంది.

తండ్రి సొంతంగా సంపాదించిన ఇల్లయినా, వీలునామా రాయకుండా చనిపోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికి ఉంటే ఆయన తల్లి.. అందరికీ సమాన వాటా ఉంటుంది.

అర్థమయ్యేట్టు చెప్పాలంటే, అన్నదమ్ములిద్దరి సంతకంతో ఇల్లు కొని, మూడు లక్షలు పెట్టి శ్లాబు వేయించుకున్నాక హైదరాబాద్‌లో ఉన్న వాళ్ల అక్క నోటీసు పంపొచ్చు. మీరు పెట్టిన మరమ్మతు డబ్బు ఆ కేసు తేలేదాకా ఇరుక్కుపోతుంది. రేటు తక్కువగా చెబుతున్నారంటే ఒక్కోసారి కారణం ఇదే. కొనేది దగ్గరి చుట్టాల దగ్గరైనా సరే, "అక్కయ్య గారి సంతకం కూడా పెట్టించండి బాబాయ్" అని అడగడానికి మొహమాటపడొద్దు. అప్పుడు మొహమాటపడితే తర్వాత మాటలే ఉండవు.

కాగితాల్లో ఇవి తప్పక చూడండి:

- ఈసీ: రిజిస్ట్రేషన్ శాఖలో 1983 నుంచి కంప్యూటర్ ఈసీ దొరుకుతుంది. అంతకుముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో అడగాలి.
- గ్రామకంఠం: ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు ఉన్నంత మాత్రాన యాజమాన్యం రుజువు కాదు. రిజిస్టర్ దస్తావేజు, వారసత్వ వివరాలు కావాలి. 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద ఆ ఊరికి ప్రాపర్టీ కార్డు వచ్చి ఉంటే అదీ చూడండి.
- 22ఏ జాబితా: రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఆ సర్వే నంబర్ ఉందా? ప్రభుత్వం ఇచ్చిన పట్టా స్థలమైతే అమ్మకానికి షరతులుంటాయి.
- రోడ్డు ప్రతిపాదనలు: అమరావతి ఔటర్ రింగ్ రోడ్డు ప్రతిపాదన కంచికచర్ల మండలాన్ని తాకుతోంది. మీరు చూసే స్థలం ఆ దారిలో ఉందేమో రెవెన్యూ కార్యాలయంలో కనుక్కోండి.
- కొలతలు: దస్తావేజులో రాసిన గజాలు, టేపుతో కొలిచిన గజాలు ఒకటేనా? దారి ఎవరిది?

ఇప్పుడు డబ్బు లెక్క: చవకైన ఇల్లే ఎందుకు భారమవుతుంది?

ఇది ఉదాహరణ లెక్క మాత్రమే. మీ ఊరి రేట్లు పెట్టి మీరే వేసుకోండి.

రెడీ ఇల్లు 30 లక్షలు అనుకుందాం. ఏపీలో స్టాంపు డ్యూటీ 5%, బదిలీ సుంకం 1.5%, రిజిస్ట్రేషన్ ఫీజు 1%.. మొత్తం 7.5%. అంటే 2.25 లక్షలు. బ్యాంకు 80% రుణం ఇస్తే 24 లక్షలు. చేతి నుంచి పెట్టాల్సింది 6 లక్షలు, రిజిస్ట్రేషన్‌తో కలిపి 8.25 లక్షలు. 8.5% వడ్డీకి 20 ఏళ్లయితే ఈఎంఐ దాదాపు 20,800 రూపాయలు.

పాతిల్లు 16 లక్షలు అనుకుందాం. రిజిస్ట్రేషన్ 1.20 లక్షలు. మరమ్మతు అంచనా 9 లక్షలు. పాతిళ్లలో గోడ విప్పాక కొత్త పని బయటపడుతుంది కాబట్టి ఇంకో 20% పక్కన పెట్టాలి. అంటే 10.80 లక్షలు. పని జరిగే ఆరు నెలలు అద్దె 6,000 చొప్పున 36,000. అంతా కలిపితే 28.36 లక్షలు. రెడీ ఇంటి మొత్తం 32.25 లక్షలు. దాదాపు 3.89 లక్షలు ఆదా.

ఇంతవరకు పాతిల్లే గెలిచింది. కానీ బ్యాంకు రుణం ఇచ్చేది కొనే ధర మీద. 16 లక్షల్లో 80% అంటే 12.80 లక్షలు మాత్రమే. మిగతా 3.20 లక్షలు, రిజిస్ట్రేషన్, మరమ్మతు, అద్దె.. ఇవన్నీ చేతి నుంచే పెట్టాలంటే 15.56 లక్షలు కావాలి. రెడీ ఇంటికి అవసరమైన చేతి డబ్బుకు ఇది దాదాపు రెట్టింపు.

మీ దగ్గర 8.25 లక్షలే ఉంటే 7.31 లక్షలు తక్కువ పడతాయి. ఆ డబ్బు ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీనే 14,620. పాతింటి ఈఎంఐ 11,100తో కలిపితే నెలకు 25,700 దాటుతుంది. అసలు ఒక్క రూపాయి తీరకుండానే రెడీ ఇంటి ఈఎంఐ కంటే ఎక్కువ! చవకైన ఇల్లు భారమయ్యేది ఇలాగే.

దీనికి దారి ఉంది. కొనేముందే బ్యాంకులో కొనుగోలు రుణంతో పాటు మరమ్మతు రుణం కూడా కలిపి అడగండి. ఇంజినీర్ రాసిచ్చిన అంచనా, అనుమతి కాగితాలు ఉంటే మంజూరుకు అవకాశం ఉంటుంది. కాగితాలు సరిగా లేని గ్రామకంఠం ఇంటికి బ్యాంకు వెనకాడుతుంది. అది కూడా మీకో హెచ్చరికే అనుకోండి. పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులు ఇంకో తేడా గమనించాలి. తాముండే ఇంటిని కొనడానికి తీసుకున్న రుణంపై వడ్డీకి ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంటే, మరమ్మతు రుణం వడ్డీకి 30 వేలు మాత్రమే.

పని మొదలుపెడితే ఇవి మర్చిపోవద్దు

ముందు పైకప్పు, నీళ్లు పోయే దారి. తర్వాత గోడలు, వైరింగ్, పైపులు. చివర్లో గచ్చు, రంగులు. డబ్బు మధ్యలో ఆగిపోయినా ఇంట్లో ఉండగలిగేలా ఈ వరస పాటించండి. పెంకులు దించే పని జూన్ లోపు ముగిసేలా చూసుకోండి. మేస్త్రితో లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో సహానా అన్నది కాగితం మీద రాసుకోండి. పని అయిన మేరకే డబ్బు ఇవ్వండి. మరమ్మతు ఖర్చు కొత్తగా కట్టే ఖర్చులో సగం దాటేలా ఉంటే, కూల్చి కట్టుకోవడమే మేలేమో ఒకసారి ఇంజినీర్‌ను అడగండి. అలాంటప్పుడు మీరు కొంటున్నది ఇల్లు కాదు, స్థలం. ధర కూడా స్థలం ధరే మాట్లాడండి.

మరి ఎవరికి ఏది?

పాతిల్లు ఎవరికి మంచిది: నేల, పునాది గట్టిగా ఉండి, వారసులందరూ సంతకం పెడుతుంటే, మరమ్మతు డబ్బు వడ్డీకి తేకుండా సర్దుకోగలిగితే, పని దగ్గరుండి చూసుకునే మనిషి ఇంట్లో ఉంటే. స్థలం ఎక్కువ, రేపు పిల్లలకు పైన ఇంకో అంతస్తు వేసుకునే వీలు కూడా ఉంటుంది. అంతస్తు వేసే ముందు పునాది ఆ బరువు మోయగలదా అన్నది మాత్రం ఇంజినీరే చెప్పాలి.

రెడీ ఇల్లు ఎవరికి మంచిది: చేతిలో డబ్బు పరిమితంగా ఉండి నెల జీతం నికరంగా వస్తుంటే, పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉండి ఆరు నెలలు దుమ్ములో ఉండలేకపోతే, ఉద్యోగం విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉండి పని చూసుకునే తీరిక లేకపోతే.

రెండూ వద్దనాల్సిన సందర్భం కూడా ఉంది. వరద నీళ్లు వచ్చిన చోటు, లేదా ఒక్క సంతకం తక్కువైన కాగితం. ఈ రెండింటికీ ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరిపోదు. కారిపోయే కప్పు బాగు చేయించుకోవచ్చు. మునిగే నేలను, తెగని వాటాను ఏ మేస్త్రీ బాగు చేయలేడు.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. వడ్డీ రేట్లు, రిజిస్ట్రేషన్ చార్జీలు, పన్ను నిబంధనలు మారుతుంటాయి. కొనే ముందు న్యాయవాదికి కాగితాలు, సివిల్ ఇంజినీర్‌కు ఇల్లు చూపించి నిర్ణయం తీసుకోండి.)